మా బావ పరువుకు నేను చేసిన మరమ్మతు

ముందే ఒప్పేసుకుంటున్నాను. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మా ఇంటి గోడ మీద బల్లి కనబడితే, నేను వీధి చివరికి వెళ్లి చెప్పేసరికి అది ఉడుమవుతుంది. మలుపు తిరిగేసరికి దానికి కోరలు కూడా మొలుస్తాయి. ఇది పుట్టుకతో వచ్చిన జబ్బో, వృత్తి అంటించిన జబ్బో తేల్చలేక మా ఇంట్లోవాళ్లు విసిగి ఊరుకున్నారు. కాబట్టి ఈ కింద రాసినదాంట్లో ఏది మీకు మరీ పెద్దగా అనిపించినా మూడో వంతుకు కుదించుకుని చదువుకోండి. వేళ్ల సంగతి మాత్రం తగ్గించకండి. అవి సరిగ్గా మూడే.

నా వృత్తి ఆటో మైకులకు ప్రకటనలు రాయడం. గాజువాకలో బట్టల దుకాణం తెరిచినా, కంటి పరీక్షల శిబిరం పెట్టినా, ఆటోకి రెండు పక్కలా కట్టిన గొట్టాల్లోంచి వచ్చే మాటలు చాలావరకు నావే. కుర్మన్నపాలెం నుంచి సింధియా దాకా నా మాట వినబడని చెవి లేదు. చెవిటివాళ్లు కూడా ఆ అదురుకి పళ్లు జివ్వుమని నా ప్రకటన గ్రహిస్తారు.

ఈ పని చేస్తుండగా దీనికి అనుబంధంగా ఇంకో పని తగులుకుంది. నలుగురిలో నవ్వులపాలైనవాళ్లు నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. ఒక మిఠాయి దుకాణంలో కాజా విరిస్తే లోపల ఈగ కనబడింది. ఆ ఫొటో ఊరంతా తిరిగింది. నేను రాసిచ్చాను: ‘మా కాజా రుచికి మనుషులే కాదు, సమస్త ప్రాణికోటీ దాసోహం.’ జనం నవ్వుకుని మళ్లీ అదే దుకాణానికి వెళ్లారు. వార్డు స్థాయి నాయకుడొకాయన తనను పిలిచిన పెళ్లి వదిలేసి, పక్క మండపంలోకి వెళ్లి, ఎవరో తెలియని జంట నెత్తిన అక్షింతలు వేసి, పావుగంట ఉపన్యాసమిచ్చి, భోంచేసి వచ్చాడు. ‘ఆయనకు వధూవరులందరూ సొంత బిడ్డలే’ అని రాసిచ్చాను. ఈ రెండు విజయాలతో నాకు నేనే ఒక శాస్త్రం పుట్టించానన్న నమ్మకం కుదిరింది. పోయిన పరువు పగిలిన గొట్టం లాంటిదనీ, సరైన చోట సరైన బిరడా బిగిస్తే కారడం ఆగుతుందనీ నలుగురికీ చెప్పేవాణ్ణి. ఈగలకూ అక్షింతలకూ అది పనిచేసింది.

మా బావ దగ్గర పనిచెయ్యలేదు.

బావ అంటే మా అప్ప భర్త, మేం అక్కని అప్ప అంటాం. నేనతన్ని బావా అంటాను, అతను నన్నూ బావా అనే అంటాడు. మా వైపు అది మర్యాద. పోర్టు దగ్గర ఒక ప్రైవేటు సరుకుల యార్డులో, ఓడలకెక్కే ఇనుము లెక్క చూసే గుమాస్తా. పని అది గానీ పేరు మాత్రం మైకు వల్ల వచ్చింది. ఆ యార్డులో నెలాఖరు రోజున, ఎవరైనా రిటైరవుతుంటే, క్యాంటీను పక్కన షామియానా వేస్తారు. రిటైరయ్యే మనిషినీ భార్యనూ ఎర్రటి కుర్చీల్లో కూర్చోబెడతారు. గంధపు దండ, శాలువా, గోడ గడియారం. ఆ తర్వాత మా బావ ఉపన్యాసం. అతని గొంతు లేచిందంటే ఎదురుగా యారాడ కొండ ఒకసారి ఒళ్లు సర్దుకునేది.

ఉపన్యాసం ఒకటే. ఫిట్టరు వెళ్లినా, వాచ్‌మన్ వెళ్లినా, పెద్ద సూపరింటెండెంటు వెళ్లినా అదే. పేరు మారుతుంది. ఇంట్లో మాట్లాడే మాటలు పక్కనబెట్టి, అచ్చులో దించినట్టు సాగేది. ‘వీరి ముప్పై వసంతాల సేవలో ఎండకు ఎండారు, వానకు తడిశారు, ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టింది గానీ వీరి చిరునవ్వు తుప్పు పట్టలేదు.’ అక్కడ చిన్న చప్పట్లు. తర్వాత గొంతు తగ్గించి, వేలు నేల వైపు చూపించి, ‘ఇన్నేళ్లలో వీరి కారణంగా ఈ నేల మీద ఒక్క నెత్తుటి చుక్క రాలలేదు!’ అనేవాడు. అక్కడ పెద్ద చప్పట్లు. ఆ మాట వస్తుందని అందరికీ తెలుసు, చేతులు ముందే సిద్ధంగా ఉండేవి. అది వినకపోతే తనకు రిటైర్‌మెంట్ అయినట్టే లేదని ఒకాయన అలిగాడట కూడా.

ఆ నెల రిటైరయింది క్రేను నడిపే మనిషి.

ముందు వరసలో కూర్చున్నది ఒక కలాసీ. కలాసీ అంటే క్రేను కొక్కానికీ సరుకుకీ మధ్య ఇనుప తాళ్లు తగిలించేవాడు. అతనూ మా బావా ఒకే ఊరివాళ్లు. ఒకే రోజు ఒకే బస్సు దిగి ఈ నగరానికి వచ్చినవాళ్లు. ఎన్నో ఏళ్ల కిందట, ఈ క్రేనే, ఈ మనిషే నడుపుతుండగా, ఇనుప కడ్డీల కట్ట ఒకటి రెప్పపాటు ముందుగా దిగింది. కలాసీ కుడిచెయ్యి తాడుకీ కట్టకీ మధ్య ఉండిపోయింది. బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి. తప్పెవరిదీ కాదని విచారణలో తేలింది. కలాసీ కూడా అదే నమ్మాడు. వీడ్కోలు సభలో క్రేను మనిషి మెడలో పడ్డ దండ కొనుక్కొచ్చింది కలాసీయే. అందుకే ముందు వరస.

నేను ఆ సభలో లేను. ఫోన్లో వచ్చిన వీడియో చూశాను, వెయ్యిన్నొక్క సార్లు. మా బావ వేలు నేల వైపు చూపిస్తాడు. ఒక్క నెత్తుటి చుక్క రాలలేదంటాడు. చప్పట్లు మొదలై, మధ్యలో ఒక్కొక్కటిగా ఆగిపోతాయి. కలాసీ చేతులు అలవాటుగా పైకి లేచి, ఒకదానికొకటి తగలకుండా గాలిలో నిలబడిపోతాయి. ఎర్ర కుర్చీలో క్రేను మనిషి తల వంచేస్తాడు. మా బావ అది వినయం అనుకుని, ‘చూశారా వీరి వినయం!’ అని కూడా అంటాడు.

ఆ మాటకి నేను కూడా నవ్వాను. తర్వాత నవ్వలేదు.

సాయంత్రానికి వీడియో యార్డు గ్రూపుల్లోంచి పోర్టు గ్రూపుల్లోకి, అక్కణ్ణుంచి పరవాడ దాకా పాకింది. అప్పటికి మా బావకి అదేదో వేడుకలా ఉంది. అతనికి అసలు సంగతి తెలిసింది మర్నాడు పొద్దున్న, బస్సులో.

యార్డు బస్సు దువ్వాడలో మొదలవుతుంది. కలాసీ అక్కడే ఎక్కి, పక్క సీట్లో తన సంచీ పెట్టి, గాజువాకలో మా బావ ఎక్కేదాకా ఎవర్నీ కూర్చోనిచ్చేవాడు కాదు. గర్భిణీ స్త్రీలకి తప్ప ఆ సీటు ఎవరికీ ఇవ్వలేదని చెబుతారు, ఆ బస్సులో గర్భిణీ స్త్రీలెవరూ ఎక్కరు. ఆ రోజు పక్క సీట్లో సంచీ లేదు. వేరే మనిషి కూర్చున్నాడు. కలాసీ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

ఆ సాయంత్రమే మా బావ నా ఇంటికొచ్చాడు. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

“ఆడు నాకు సీటు ఆపలేదు బావా. పోర్టు గేటు దాకా నించునే ఎల్లేను.”

“వీడియో సూసేను. కంగారు పడకు. నాలుగు దినాల్లో జనం మర్సిపోతారు.”

“జనం సంగతి ఎవుడడిగేడు నిన్ను? నవ్వుకున్నోల్లు నవ్వుకుంటారు. ఆడు నా మొకం సూడ్డం లేదు. దానికేటి సేత్తావో సెప్పు.”

కావలసిందేమిటో అతను అంత సూటిగా చెప్పినా నాకు ఎక్కలేదు. నాకు పరువే కనబడింది. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, వైద్యుడిలా గొంతు పెట్టి, మూడు రోజులు నోరు విప్పొద్దన్నాను. మౌనం గంభీరంగా కనబడుతుందనీ, గంభీరంగా కనబడేవాణ్ణి చూస్తే తప్పు ఎదుటివాడిదేమో అన్న అనుమానం పుడుతుందనీ నా శాస్త్రం. ఊరి నిండా మైకు కట్టుకు తిరిగేవాడు మౌనం గురించి చెబుతుంటే వినడం ఎంత కష్టమో ఇప్పుడు తెలుస్తోంది.

మూడు రోజులూ మా బావ మాట్లాడలేదు. బస్సులో నిలబడి వెళ్లాడు, నిలబడి వచ్చాడు. మాట్లాడకపోయేసరికి, ‘సూడు, లెక్కే లేదు మనిషికి’ అనుకున్నారట బస్సులో.

నాలుగో రోజు నేను ప్రకటన రాశాను. నా జీవితంలో అంత నునుపైన వాక్యం రాయలేదు. చీమ ఎక్కితే జారి కాలు విరగ్గొట్టుకునేది. ‘ఇటీవలి వీడ్కోలు సభలో సందర్భవశాత్తూ దొర్లిన కొన్ని మాటల వల్ల ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే, అందుకు విచారం వ్యక్తమవుతోంది.’ అందులో చేసినవాడు లేడు, పడ్డవాడు లేడు, విచారపడేవాడు కూడా లేడు. మా బావ దాన్ని రెండుసార్లు చదివాడు.

“ఇందులో నానెక్కడున్నాను బావా?”

“ఉండకూడదు. అదే కదేటి గొప్ప.”

“ఆడెక్కడున్నాడు?”

“ఆడూ ఉండకూడదు.”

అతను నన్ను అదోలా చూసి, గ్రూపులో పెట్టాడు. బొటనవేళ్ల బొమ్మలు చాలా వచ్చాయి. తర్వాత కలాసీతో కలిసి పనిచేసేవాడొకడు రాశాడు: ‘ఎవరి మనసో ఎందుకు, ఎవరి సెయ్యో సెప్పు.’ ఆ మాట కింద ఎవరూ ఏ బొమ్మా పెట్టలేదు. కలాసీ చూశాడనడానికి గుర్తు పడింది గానీ జవాబు రాలేదు.

అప్పటికైనా ఆగాల్సింది. ఆదివారం మధ్యాహ్నం మా అప్ప ఇంట్లో, చేపల పులుసు తింటూ నా ఘనమైన ఆలోచన బయటపెట్టాను. వచ్చే సభలో కలాసీకి శాలువా కప్పాలి. మా బావ అతని కుడిచెయ్యి పట్టుకుని పైకెత్తాలి. సరిగ్గా ఆ క్షణంలో ఫొటో. ‘శ్రమకు వందనం’ అని కింద రాస్తాను. ఆ ఫొటో పాత వీడియోని మింగేస్తుంది.

వడ్డిస్తున్న మా అప్ప గరిటె గిన్నెలో పడేసింది.

“ఓరి నీ తెలివి తగలెయ్య! ఆడి సెయ్యెత్తి ఫోటో తీత్తావేటి? అది సెయ్యనుకుంతన్నావా, జెండా అనుకుంతన్నావా?”

“అది కాదప్పా, జనంలోకి ఎల్లాలంటే...”

“జనంలోకి ఎల్లక్కర్లేదు. దువ్వాడ ఎల్తే సాలు. తప్పు సేసినోడు ఎల్లి, తప్పయిపోనాది అని సెప్తాడు. మజ్జిలో నీ కాయితాలేటి, నీ ఫోటోలేటి? ఈ మడిసికి బుద్ధి లేక నీ కాడికొచ్చేడు గానీ.”

మా బావ తలెత్తలేదు. పులుసులో ముక్కని వేలితో అటూ ఇటూ జరిపాడు. నాతో కాదు, మా అప్పతో కాదు, విస్తరితో చెప్పినట్టు చెప్పాడు.

“మొన్న క్యాంటీన్లో సూసేను. ఆడి కేరేజీ గిన్నె బిగుసుకుపోతాది. దినం నానే తీసేవోణ్ణి. ఇప్పుడు పళ్లతో పట్టుకుని లాగుతన్నాడు. తీత్తానని లేచేను. నన్ను సూసి గిన్నె సంచీలో ఎట్టేసి, తినకుండా ఎల్లిపోనాడు.”

నేను గొప్పగా చెప్పే ఏ సంగతీ ఆ గిన్నె పక్కన నిలవదు.

అప్పుడు నేనన్నాను: “లే బావా. దువ్వాడ పద. నానూ వత్తన్నాను.”

ఇద్దరం నా స్కూటరు మీద వెళ్లాం. కలాసీ ఇల్లు రైలు పట్టాలకి దగ్గర. బండి వెళ్లినప్పుడల్లా ఇల్లు సన్నగా వణుకుతుంది. అతని భార్య తలుపు తీసి, “రండన్నయ్యా” అని లోపలికి వెళ్లిపోయింది. కలాసీ మంచమ్మీంచి లేచాడు. కుర్చీ చూపించాడు.

“కూకో.”

మా బావ కూర్చోలేదు. అన్నేళ్లు మైకు పట్టుకున్న మనిషి ఒక్క ముక్కే అన్నాడు:

“తప్పయిపోనాదిరా.”

“ఏటి తప్పు?”

“ఆ మాట అనేసేను. నా నోట్లోంచి ఏటొత్తందో నాకే తెలీలేదు. అలవాటయిపోనాది.”

గూడ్సు బండి ఒకటి వెళ్లింది. ఒక్కో పెట్టె లెక్కపెట్టుకునేంత తీరిగ్గా వెళ్లింది. అది పూర్తిగా పోయేదాకా ఆగి కలాసీ అన్నాడు.

“ఆ రోజు నన్ను ఒళ్లో ఏసుకుని ఆసుపత్రికి ఎత్తుకెల్లింది నువ్వే. నీ తువ్వాలంతా నా నెత్తురే. అది నువ్వు మర్సిపోనావని నాననుకోలేదు. మర్సిపోతే బాగున్ను. గుర్తుండి కూడా అనగలిగేవు సూడు, అదీ నాకు దిగట్లేదు.”

మా బావ గోడకి ఆనుకున్నాడు.

“ఇన్నాళ్లూ అందరికీ ఆ మాట సెప్పేవు. అందరికీ సప్పట్లు కొట్టేను నాను. మిగిలిన రెండు వేళ్లతోటే కొట్టేను. అది ఉత్తినే అనే మాటని తెలుసు. మొన్న ఆ కుర్సీలో ఆయన, ఎదురుగా నాను. ఆయన తలొంచేసేడు. ఆయన గుండెలో అది ఎన్నేళ్ల నుంచుందో నీకు తెలీదేటి? ఆయన్ని కూడా గాలికొదిలేసేవు.”

“ఇంక ఆ మాట అనన్రా. ఒట్టు.”

“అనకపోతే సాల్దు. ఏటి జరిగిందో సెప్పు. అదే మైకులో.”

మా బావ తలూపాడు. అంతే. మంచినీళ్లు తాగి వచ్చేశాం.

తరువాతి నెలాఖరు సభకి నేనూ వెళ్లాను. ఆ మైకు సెట్టు పంపిన మనిషి నాకు తెలుసు, అతనితోపాటు వెళ్లి వెనక నిలబడ్డాను. ఆ నెల రిటైరయింది క్యాంటీను వంటమనిషి. వేదిక మీద అధికారి ఉన్నాడు. సభల్లో ప్రమాదాల ఊసెత్తడం ఆ యార్డులో ఎవరికీ నచ్చదు, పైవాళ్లకి మరీను. మా బావ లేచాడు. మైకు పట్టుకున్నాక అచ్చులో దించినట్టుండే ఆ భాష రాలేదు. ఇంట్లో మాట వచ్చింది.

“మొన్న ఈ మైకులో, ఈ నేల మీద ఒక్క సుక్క నెత్తురు పడలేదని అన్నాను. అది అబద్ధం. నా స్నేగితుడి కుడిసేతి వేళ్లు మూడు ఆ క్రేను కిందే పోనాయి. క్రేను నడిపినాయన తప్పని నాను అనను, ఎవులూ అన్లేదు. కానీ పోనాయి. నెత్తురు పడింది, నా బట్టల మీద కూడా పడింది. అది తెలిసుండి అబద్ధమాడేను. ఆడింది నానే.”

షామియానా గుడ్డ గాలికి టపటపా కొట్టుకుంటోంది. అధికారి గడియారం చూసుకున్నాడు. మా బావ వంటమనిషి వైపు తిరిగాడు.

“ఈయన ఉప్మాలో ఉప్పెక్కువ. ఇన్నేళ్లూ అదే తిన్నాం. రేపట్నుంచి ఈయనుండడంటే ఏటో లాగుంది నాకు.”

చెప్పి కూర్చున్నాడు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. వంటమనిషి మాత్రం శాలువా కొంగుతో కళ్లు తుడుచుకున్నాడు. కలాసీ మూడో వరసలో ఉన్నాడు. మా బావ వైపు చూశాడో లేదో నా చోటు నుంచి కనబడలేదు.

ఆ తర్వాత మా బావని మైకు ముందుకి పిలవలేదు. ఇప్పుడు కంప్యూటర్ల దగ్గర కూర్చునే ఒకాయన మాట్లాడుతున్నాడు. మంచి భాష. వీడియో ఇంకా ఎక్కడో తిరుగుతూనే ఉంది. మొన్న యారాడ నుంచి చేపలు తెచ్చే ఆవిడ కూడా మా బావని చూసి, “ఒక్క సుక్క బాబు కదూ?” అందట. పరువు పరంగా చూస్తే నా మరమ్మతు పూర్తిగా చెడింది.

ఆ సభ తర్వాతి సోమవారం పొద్దున్న మా బావ బస్సెక్కాక జరిగిన సంగతి మా అప్ప చెప్పింది. పక్క సీట్లో సంచీ ఉంది. మా బావ నిలబడి చూస్తూంటే, కలాసీ సంచీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఇతను కూర్చున్నాడు. సింధియా దాటాక కలాసీ అన్నాడట, “కిటికీ ఎయ్, బొగ్గు దుమ్మొత్తంది.” ఇతను వేశాడట. ఆ రోజుకి అంతే. ఇది చెబుతూ మా అప్ప రెండుసార్లు ముక్కు చీదింది. ఇరవైసార్లని రాద్దామనుకుని మానేశాను.

ఇక నేను కల్పించింది ఏదో చెప్పాలి. ఈగా, కొండా, వెయ్యిన్నొక్క సార్లూ కాదు, వాటిని మీరీపాటికి కుదించుకునే ఉంటారు. దువ్వాడ పదమని నేను అనలేదు. ఆ మధ్యాహ్నం, అప్ప అన్ని మాటలన్నాక కూడా, మా బావ గిన్నె సంగతి చెప్పాక కూడా, నెలాఖరు దాకా ఓపిక పట్టమనే చెప్పాను. మంచి ఉపన్యాసం ఒకటి రాసిస్తాను, పాతది దాని కింద పడి పోతుందన్నాను. అతను చెయ్యి కడుక్కుని, నాకు చెప్పకుండా ఒక్కడే వెళ్లాడు. ఆ ఇంట్లో నేను లేను. వాళ్లేం మాట్లాడుకున్నారో ఇద్దరిలో ఎవరూ నాకు చెప్పలేదు. మైకులో అలా చెప్పమని కలాసీ అడిగాడో, మా బావే తేల్చుకున్నాడో ఈ రోజుకీ తెలియదు. ఎన్నిసార్లు అడిగినా, “నీకెందుకు బావా” అంటాడు. దువ్వాడ మాటలన్నీ నేనే రాశాను, నా స్కూటరుతో సహా.

వాళ్లు దువ్వాడలో కూర్చున్న ఆ సాయంత్రం నేను మా ఇంట్లో ఆ ఉపన్యాసం రాస్తున్నాను.